ఫిట్స్ లేని నాకు ఫిట్స్ మాత్ర

మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కోస్తే కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది. నిన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్సుల హారన్ల మధ్య కూడా, మందుల షాపులో ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. యాదమ్మ సిస్టర్ గుర్తొచ్చారు.

పెళ్లయిన కొత్తల్లోనే నాకు జబ్బు చేసింది. అప్పటికి ఒక కోచింగ్ సెంటర్లో బయాలజీ చెబుతున్నాను. నిద్ర పట్టేది కాదు, మాట ఆగేది కాదు. ఒకరోజు బోర్డు నిండిపోతే పక్కనున్న గోడ మీద రాసుకుంటూ పోయాను. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు. మావారు నన్ను ఎల్బీ నగర్‌లో ఒక మానసిక వైద్యశాలలో చేర్పించారు. బైపోలార్ అన్నారు డాక్టరు, మనసు కొన్నాళ్లు ఉరకలేసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బట. కాస్త తేరుకున్నాక, నా చేతిలో పెడుతున్న మాత్ర పేరు చదివాను. వాల్‌ప్రొయేట్. మా పిన్ని కొడుకు మూర్ఛకు వాడేది అదే!

"నాకు ఫిట్స్ లేవండీ. ఎవరి మందో నాకిస్తున్నారు," అని నోరు బిగించుకున్నాను.

ఆ వార్డులో పెద్ద నర్సు యాదమ్మగారు. స్ట్రిప్పులు కిర్రున కత్తిరించి ఎవరి మాత్రలు వాళ్లకిచ్చేది ఆవిడే. తుర్కయంజాల్ నుంచి రోజూ వచ్చేవారు. నన్ను బలవంతపెట్టకుండా స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"అడిగినవ్, మంచిగైంది. కొందరు అడగకుండ నాలిక కింద దాస్తరు. ఇది నీ మందేనమ్మా. కొత్తల నేను గూడ గిదే అడిగిన. ఫిట్స్ ఒస్తే మెదడు అంతా ఒక్కసారే జోరు మీద ఉంటది, గా జోరును తగ్గిస్తది గీ గోలి. మనసు గట్ల ఉరుకుతుంటే గూడ పనిచేస్తదని తర్వాత తెలిసింది."

"ఎలా పనిచేస్తుంది?"

"పూర్తిగ ఎవ్వరికీ తెల్వదంట. డాక్టర్ సార్‌నే అడిగిన."

అంతవరకూ నా జబ్బు నాకు సిగ్గుగా ఉండేది. ఆ క్షణంలో మాత్రం కుతూహలం పుట్టింది. మాత్ర మింగాను. ఆ తర్వాత ఆవిడ కనబడితే చాలు, ప్రశ్నలే. రక్తం ఎందుకు తీస్తున్నారు? లివర్ ఎట్లున్నదో చూడనీకి. చేతులెందుకు వణుకుతున్నాయి? మందుతోనే, సార్‌కు చెప్తా ఉండు.

ఇంటికొచ్చాక, ఒకసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆవిడే అడిగారు: "పిల్లల గురించి ఏమన్న అనుకుంటున్నరా?"

ఆ మాట ఆసుపత్రిలో ఎత్తొద్దని అమ్మ చెప్పి పంపింది. అయినా తలూపాను.

"అయితే ఇయ్యాలనే డాక్టర్‌కు చెప్పాలె. గీ గోలి కడుపుల బిడ్డకు మంచిది కాదు. గట్లని ఇంటికి పోయి నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు, మళ్ల మొదటికొస్తది."

డాక్టరు మెల్లమెల్లగా మందు మార్చారు. కొత్తది కూడా ఫిట్స్ మందేనని తెలిసి నవ్వాను.

"నవ్వు గని, ఒంటి మీద దద్దుర్లు లేస్తే గా రోజే రావాలె," అన్నారు సిస్టర్.

పాప పుట్టాక చూపించడానికి తీసుకెళ్లాం. అందరూ పాపను ఎత్తుకున్నారు. ఆవిడ మాత్రం నా మొహమే చూస్తూ, "నిద్ర ఎట్లున్నది?" అన్నారు.

"పసిపిల్లతో నిద్రెక్కడిది సిస్టర్! అయినా అలసటే లేదు. అర్ధరాత్రి కూడా ఇల్లు సర్దేస్తున్నాను," అన్నాను హుషారుగా.

ఆవిడ నవ్వలేదు. మావారి వైపు తిరిగి, "సార్, నిద్ర లేకున్నా అలసట లేదంటున్నది. డాక్టర్‌ను కలవకుండ ఇంటికి పోవద్దు," అన్నారు.

జబ్బు మళ్లీ తలెత్తుతోందని డాక్టరు ఆ రోజే మందు సరిచేశారు. రాత్రిళ్లు పాపను అమ్మా, మావారూ చూసుకున్నారు. నేను నిద్రపోయాను. మళ్లీ ఆసుపత్రిలో చేరే అవసరం రాలేదు.

ఆవిడ రిటైరై, తుర్కయంజాల్ నుంచి సొంతూరు వెళ్లిపోయారు. నేను ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా ఉన్నట్టుండి మరీ హుషారుగానో, మరీ మౌనంగానో కనిపిస్తే, అందరూ వెళ్లాక పిలిచి, "నిద్ర పడుతోందా?" అని అడుగుతాను. చాలామంది నవ్వేసి వెళ్లిపోతారు. మొన్న ఒక అమ్మాయి నవ్వలేదు. బ్యాగు కింద పెట్టి, నా పక్కన కూర్చుంది.