అమ్మ చీరె, ఆరు మూలల ముక్కలు

రిటైరయ్యాక ఏం పని పెట్టుకున్నారని ఎవరైనా అడిగితే, గుడ్డ ముక్కలు కుట్టుకుంటున్నానని చెబుతాను. "టైలరింగా?" అంటారు. కాదు. అట్టను ఆరు మూలలుగా కత్తిరించి, దాని మీద గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేసి, అలాంటి ముక్కల అంచులు ఒకదానికొకటి కలిపి కుట్టుకుంటూ పోవాలి. ముక్కకు ఆరు వైపులా పక్క ముక్కలు కలిశాక లోపలి అట్ట తీసేయాలి. ఇంగ్లండు పద్ధతి అట. మా కోడలు ఫోనులో వీడియో చూపించింది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో జీవితమంతా డ్రాయింగులు గీసినవాణ్ని కనుక, ఆ ముక్కలు సందు లేకుండా అమరడం చూసి మనసు అక్కడే ఆగిపోయింది.

అట్టల కోసం వెతుక్కునే పని లేదు. వచ్చిన పెళ్లి పత్రికలన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాదికి దారం కట్టి బీరువా మీద దాచడం నాకు అలవాటు. డైరీలు కింద, పత్రికలు పైన. డైరీలు ముట్టుకోలేదు కానీ పత్రికలు కోశాను.

నన్ను అనడానికి మా అక్కకు అదే దొరికింది. న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి ఆమె నెలకోసారి దవాఖానకని బస్సులో జహీరాబాద్ వచ్చి, మా ఇంట్లో రెండు రోజులుండి పోతుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. చూపు బాగా మసకబారింది. ఒక అట్టముక్కను వేళ్లతో తడిమి, "గిదేందిరా, ఉబ్బెత్తు అచ్చరాలున్నయ్?" అంది.

"పెండ్లి పత్రికక్కా."

"ఎవరిది?"

ముక్క మీద సగం పేరే మిగిలింది.

"మంచిగనే ఉంది. గింత కర్సు పెట్టి పెండ్లి జేసుకుంటే నువ్వు కత్తెర పెట్టినవ్. బొంత కుట్టనీకి గీతలేందిరా, అట్టలేందిరా? అమ్మ ఏ స్కేలు పెట్టి కుట్టింది?"

అమ్మ స్కేలు పెట్టలేదు. అమ్మది బీదర్ అవతలి ఊరు. బొంతను చివరిదాకా కౌది అనే అంది. ఎండాకాలం జొన్నల పని అయిపోయాక నడింట్లో పాత చీరెలు ఒకదాని మీద ఒకటి పరిచేది. గుడ్డ జరగకుండా నన్ను ఒక మూల, అక్కను ఇంకో మూల కూర్చోబెట్టేది. వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి తలా ఒక పక్క నుంచి కుట్టుకుంటూ నడిమికి వచ్చేవారు. సూది మా దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి జరగాలి. అక్క పన్నెండేళ్లకే సూది అందుకుని వాళ్లలో కలిసిపోయింది. నేను మాత్రం చాలా ఏళ్లు బరువుగానే పనికొచ్చాను. ఆ బొంతలు ఎంత బరువుండేవంటే, కప్పుకున్నాక పక్కకు తిరగాలంటే ముందే అనుకుని తిరగాలి. చలికాలం మేమిద్దరం ఒకే బొంత కింద పడుకుని ఎవరి చీరె ముక్క ఎక్కడుందో వెతుక్కునేవాళ్లం.

మరుసటి నెల అక్క వచ్చినప్పుడు సంచిలోంచి ఒక మూట తీసింది. అమ్మ ఇల్కల్ చీరె. ముదురు నీలం నూలు, ఎర్ర అంచు. అమ్మ పోయాక అక్క పెట్టెలో పెట్టి, కూతుళ్లు అడిగినా ఇవ్వని చీరె.

"దీన్ని బొంత జెయ్యాలనుకున్న తమ్మి. ఎప్పటికప్పుడు కోయబుద్ధి గాలే. ఇప్పుడు జేద్దామంటే సూదిల దారం ఎక్కుతలేదు. నువ్వు కుట్టు. నేను పోయేలోపట నాలుగు దినాలు కప్పుకుంట."

"గట్లెందుకంటవక్కా."

"ఎట్లన్నా గదే గద. జర జల్ది కుట్టు."

ఇక నా పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ముందు చీరె అంతా కొలిచి, ఎన్ని ముక్కలు వస్తాయో డైరీలో లెక్క వేసుకుని, మొత్తం కోసుకున్నాను. ఫ్యాక్టరీలో నేర్చుకున్నది అదే, ముందు ముక్కలన్నీ తయారు, తర్వాత కూర్పు. మడతకు వీడియోలో చెప్పినట్టు పావు అంగుళం వదిలాను. రోజుకు పది, పన్నెండు ముక్కలు. రోజూ ఎన్నో రాసుకున్నాను. నీలం ముక్కల నడుమ ఎర్ర అంచు పూలలా వచ్చింది. "ఉద్యోగం చేసినన్నాళ్లు గింత ముచ్చటగ ఎన్నడు కూసోలే" అని నా భార్య కూడా పక్కన కూర్చుని చూసింది.

కుట్టడం అయిపోయిన రోజు, చివర్లో ఒక్కసారే తీద్దామని ఉంచేసిన అట్టలను కచ్చా దారాలు లాగి తీయడం మొదలుపెట్టాను. మొదటి వరుస బాగానే ఉంది. రెండో వరుసలో ఒక అతుకు పెదవిలా విచ్చుకుంది. గట్టిగా లాగానేమో అనుకున్నాను. ఇంకోటి తీశాను, ఇంకో రెండు చోట్ల పోగులు లేచాయి. అమ్మ ఎన్నేళ్లు కట్టిన చీరె అది! వీడియోలో వాళ్లు కుట్టింది కొత్త గుడ్డ. పాత నూలుకు పావు అంగుళం ఆనదు. ఇన్నాళ్లూ నిలబెట్టింది నా కుట్టు కాదు, లోపలి పెళ్లి పత్రికలు. ఒక్క ముక్క కోసి, కుట్టి, లాగి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. నేను అన్నీ కోసేశాను.

ఆ రోజు డైరీలో "అట్టలు తీశాను" అని మాత్రమే ఉంది. తర్వాత రెండు వారాలు వాన గురించి, అల్లం పంట గురించి రాశాను.

అక్క వచ్చింది. చెప్పులు విడవకముందే "అయ్యిందా?" అంది. అయింది, కాలేదు అని ఏదో గొణిగాను. నా భార్య నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. కుట్టినదంతా తెచ్చి అక్క ఒళ్లో పెట్టాను.

"అక్కా, తప్పు జరిగింది. చీరె ఆగుతలేదు. అతుకులన్నీ ఊడుతున్నయ్."

అక్క బొటనవేలితో ఒక్కొక్క అతుకు మీదుగా వెళ్లింది. చాలాసేపు పట్టింది. చిరిగిన చోటల్లా వేలు ఆగింది.

"అంత ఒక్కసారే కోసినవా?"

"ఆఁ."

"ఒకటి కోసి సూడొద్దురా?"

"సూడాలె."

"సదువుకున్నవ్. డ్రాయింగులు గీసినవ్." అంటూ చీరెను ముఖం దగ్గరికి తీసుకుంది. ఆ కాసేపు నేను కిటికీ వైపు చూశాను. తర్వాత మామూలు గొంతుతో, "నీ పాత ధోతులు రెండు తే. మెత్తగున్నయి తే, కొత్తయి తేకు" అంది.

నడింట్లో ధోతులు పరిచాం. వాటి మీద అమ్మ చీరె ముక్కల్ని పరిచి సవరించాం. విచ్చుకున్న చోట్ల కింద అదే చీరె కోతలో మిగిలిన పేలికలు దూర్చాం. సుద్దతో గీతలు గీస్తానన్నాను. "నీ గీతలు నాకు కనిపిస్తయా? కూసో ఆ మూలకు" అంది. కూర్చున్నాను. నేను దారం ఎక్కించి ఇస్తుంటే, ఎడమ చేతి వేలు ముందు నడిపించి దాని వెనకే సూది నడిపించింది. వరుసకూ వరుసకూ మధ్య వేలెడు ఎడం లేకుండా, అంచు నుంచి నడిమికి. నా అతుకుల మీదుగా, చిరుగుల మీదుగా, ఎర్ర పూల మీదుగా ఒకే తీరుగా పోయింది. కాసేపటికి నన్నూ ఇంకో పక్క నుంచి కుట్టమంది. నా కుట్టు తడిమి చూసి, "దగ్గర దగ్గర ఏసినవ్‌రా, చీమలు నడిచినట్టు. జర దూరం ఎయ్యి, గుడ్డకు ఊపిరాడాలె" అంది.

రెండు రోజులుండాల్సిన మనిషి పదకొండు రోజులుంది. చివరి మూల మూసేముందు నా భార్యను అడిగి జొన్నరొట్టె తుంపు తెప్పించింది. బొంత కడుపు ఖాళీగా ఉండొద్దని అమ్మ కూడా అలాగే పెట్టి కుట్టేసేదట. మూల మీద కూర్చున్న నేను అది ఎన్నడూ గమనించలేదు.

బస్సులో సంచి పైన పెడతానంటే ఒప్పుకోలేదు. ఒళ్లోనే పెట్టుకుని పోయింది. మరునాడు పొద్దున్నే ఫోను చేసింది.

"చలి వెట్టలే తమ్మి. అమ్మ బొంతలంత బరువు లేదు గని, మంచిగనే ఉంది."

"ఊడలేదు గద?"

"కాళ్ల కాడ ఒక్క తాన ఊడింది."

"రేపు పొద్దుగాల బస్సుకు వస్త. సూది దారం తెస్త."

"నువ్వెందుకురా? పక్కింటి పిల్లతోని దారం ఎక్కించుకున్న. నేనే కుట్టు ఏసుకున్న."