వినే కాలు

2012 జూన్‌లో నన్ను కొత్తూరు యూనిట్‌కు నాణ్యతా తనిఖీ అధికారిగా వేశారు. బెంగళూరు రహదారి పక్కన, రేకుల కప్పు కింద నడిచే చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్ అది. హోదాలో యూనిట్ హెడ్ ప్రసాదరావు గారి తర్వాతి వాణ్ణి. అయితే నా సంతకం లేనిదే ఏ డబ్బా గేటు దాటకూడదని నియమం. ఆ ఏడాది మాకు అప్పగించిన పని స్ట్రీమింగ్ ప్లేయర్లను మార్చడం.

ఇంటర్నెట్‌లోంచి సినిమాలు, పాటలు టీవీకి తెచ్చే అరచేతి పాటి డబ్బా అది. ఇళ్ల కోసం తయారైంది. శంషాబాద్ విమానాశ్రయం పరిసరాల్లో క్యాబ్ డ్రైవర్లు వేచి ఉండే హాళ్లలో, వంతు నంబర్లు చూపే తెరలకు దాన్ని వాడాలని మా కంపెనీ ఒప్పుకుంది. చిక్కల్లా ఒకటే. కరెంటు పోయి వస్తే ప్లేయర్ తన మెనూ చూపించి, ఎవరైనా రిమోట్ నొక్కుతారని కూర్చుంటుంది. హాల్లో నొక్కేవాళ్లుండరు. లేవగానే నేరుగా నంబర్ల పేజీకి వెళ్లేలా దాన్ని మార్చాలి.

మూత విప్పితే సర్క్యూట్ బోర్డు మూలన, తయారీదారు పరీక్షల కోసం వదిలిన మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటి మీద మూడు పిన్నులు నిలబెట్టి టంకం వేయాలి. మా వర్క్‌షాపులో పిన్నును కాలు అంటారు. ఒకటి మాట్లాడే కాలు, ఒకటి వినే కాలు, మూడోది గ్రౌండ్. వీటికి ల్యాప్‌టాప్ తగిలించి కరెంటు ఇస్తే, ప్లేయర్‌లో అన్నిటికంటే ముందు మేలుకునే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము కొన్ని క్షణాలు ఆగి చూస్తుంది. ఆ లోపు వినే కాలి మీద ఏ అక్షరం వచ్చినా, మిగతా పని ఆపేసి ఆజ్ఞ కోసం నిలబడుతుంది. రాకపోతే ముందుకు పోతుంది. మేం దాన్ని అక్కడ ఆపి, పాత సాఫ్ట్‌వేర్ తీసి మాది ఎక్కించేవాళ్లం. తర్వాత మరమ్మతులకు పనికొస్తాయని కాళ్లను అలాగే ఉంచి మూత బిగించేవాళ్లం. డ్రాయింగు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది. దాని ప్రకారమే చేశాం.

టంకం వేసేది బాలమణి. మహేశ్వరం దగ్గరి పల్లె నుంచి వచ్చేది. వాళ్ల చేను అప్పటికే ప్లాట్లయిపోయింది. కాంట్రాక్టు మీద ఉన్న ఆమెను దీపావళి తర్వాత పర్మినెంట్ చేస్తామని కంపెనీ మాట ఇచ్చింది.

దసరా దాటగానే ముసురు పట్టింది, ఫిర్యాదులూ మొదలయ్యాయి. కరెంటు పోయి వచ్చాక కొన్ని తెరలు వెలగడం లేదు. అన్నీ కాదు, ప్రతిసారీ కాదు. డబ్బాను యూనిట్‌కు తెచ్చి బల్ల మీద పెడితే చక్కగా లేచేది. అడాప్టర్లు మార్చాం, వేడి కొలిచాం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాం. పట్టుబడే తప్పును సరిచేయవచ్చు. వచ్చిపోయే తప్పు మనిషిని కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. ప్రార్థనకు మోకరిస్తే ప్రభువు నామం నోట్లో ఉండేది, డబ్బా కళ్ల ముందుండేది.

ప్రసాదరావు గారు కారణం తేల్చేశారు. "డ్రై జాయింట్లండీ. ఆ అమ్మాయి టంకం సరిగ్గా పట్టడం లేదు. దీపావళి దాకా చూసి ఆపేద్దాం. మీరు రిపోర్టు రాసివ్వండి."

బాలమణి ఒక బోర్డు పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, నా టంకం గట్టిగనే ఉంది. కావాల్నంటే గుంజి చూడున్రి. ఊడితే ఇప్పుడే బ్యాగు సదురుకొని పోత. ఊడకుంటే మాత్రం గా మాట రాయకున్రి. ఇగ పోతె దున్నుకునెతందుకు చెల్క గూడ లేదు మాకు."

పట్టకారుతో లాగి చూశాను. ఊడలేదు.

మర్నాడు ముసురులోనే శంషాబాద్ హాలుకు వెళ్లాను. నన్ను చూడగానే నర్సింలు అనే డ్రైవరు అందుకున్నాడు. "ఏంది సారూ, మీ డబ్బా కరెంటు పోతె పంటది, మల్ల లేవనే లేవదు. జర చాయ్ తాపి లేపరాదు? నా నంబరు మీదికెళ్లి పోయింది, ఇగ మల్ల కడకు నిలవడాల్నా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు.

అంతలో కరెంటు పోయి వచ్చింది. తెర వెలగలేదు. డబ్బాను బల్ల మీదికి తీసుకుపోకుండా, అక్కడే మూత విప్పి ల్యాప్‌టాప్ తగిలించి ఎంటర్ నొక్కాను. ఆజ్ఞ ఏమిటని అడిగే గుర్తు వచ్చింది. ప్లేయర్ చావలేదు. ఎవరో పిలిచారనుకుని బూట్‌లోడర్ దగ్గరే నిలబడి ఉంది. పిలిచింది ఎవరు? టార్చి వేసి చూస్తే కాళ్ల మొదట్లో, చెమ్మతో మెరుస్తూ ఎర్రటి బొట్టు ఉంది.

దసరాకు యూనిట్‌లో ఆయుధ పూజ చేస్తారు. ఆ పూట నేను సెలవులో ఉంటానని అందరికీ తెలుసు. బల్లల మీద మూతలు లేకుండా ఉన్న డబ్బాలన్నిటికీ బొట్లు పెట్టారు. ఆనవాయితీ ప్రకారం పెట్టింది యూనిట్ హెడ్. పసుపు, సున్నం కలిసిన కుంకుమ తడిస్తే కరెంటుకు సన్నని దారి ఇస్తుంది. ప్లేయర్ లేస్తూ మాట్లాడే కాలి మీద పంపే అక్షరాలు ఆ దారిన వినే కాలికి చేరాయి. యంత్రం తన మాట తానే విని, దాన్నే ఆజ్ఞ అనుకుంది. బల్ల మీద బొట్టు తడి ఆరిపోయేది కాబట్టి తప్పు మాకు దొరకలేదు.

ఆ ఆదివారం బడంగ్‌పేట్‌లోని మా చర్చి సంఘంలో ఒక పెద్దాయనతో ఈ మాట అన్నాను. నేను అక్కడ వాక్యం బోధించేవాణ్ణి. ఆయన సంతోషంగా, "ఇది దేవుడు చూపించిందే బ్రదర్, వచ్చే వారం సాక్ష్యం చెప్పండి" అన్నారు. నాకూ ఆ కోరిక పుట్టలేదని చెప్పను. కానీ దేవుడు తమకు చేసిన మేలు చెబుతామని సాక్ష్యానికి లేచినవాళ్లు జరిగినదానికి తమకిష్టమైనది కొంత కలపడం అదే గదిలో చాలాసార్లు విన్నాను.

సోమవారం బొట్టు ఉన్న డబ్బాలూ, బొట్టు లేనివీ కలిపి తడి గోనెపట్టాల మధ్య పెట్టి, అందరి ముందూ కరెంటు తీసి ఇచ్చాను. స్టోర్ కీపర్ వెనక నుంచి, "యేసయ్య సారు మన బొట్టు మీద పడ్డడు రా" అన్నాడు. బొట్టు ఉన్నవాటిలో చాలా వరకు ఆగిపోయాయి. బొట్టు లేనివాటిలో కూడా ఒకటి ఆగింది. ప్రసాదరావు గారి ముఖం ఎర్రబడింది. "అంటే మా పూజ తప్పంటారా?" అని అడిగారు.

ఆగిన ఆ బొట్టు లేని డబ్బాను ఆయన ముందు పెట్టాను. డ్రాయింగులోనే వినే కాలును దేనికీ కట్టకుండా గాలికి వదిలారని, తడి ఏ రూపంలో వచ్చినా అది వింటుందని, బొట్టు తడికి ఒక దారి మాత్రమేనని, టంకానికి దీనితో సంబంధం లేదని చెప్పాను. బాలమణి అక్కడికక్కడే బొట్టు ఉన్న ఒక డబ్బాలో వినే కాలు గాలికి ఉండకుండా కట్టి ఉంచే చిన్న రెసిస్టర్ వేసింది. మళ్లీ తడిలో పెట్టాం. లేచి నంబర్లు చూపించింది.

"ఇగ జెప్పున్రి, ఎవరి జాయింటు డ్రై?" అని బాలమణి మెల్లగానే అంది, అయినా అందరికీ వినిపించింది.

రిపోర్టులోంచి కుంకుమ మాట తీసేయమని ప్రసాదరావు గారు సాయంత్రం అడిగారు. తీయలేదు. అది ఒక్కటే కారణమనీ రాయలేదు. టంకంలో లోపం లేదని మొదటి వాక్యంగా రాశాను. ఆయన సంతకం చేసి పంపారు. సంఘంలో సాక్ష్యం చెప్పలేదు. ఆ పెద్దాయన కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. దీపావళి తర్వాత బాలమణి పర్మినెంట్ అయింది. మరుసటి దసరాకు బొట్లు మూత బిగించాక పైన పెట్టారు.

చెడిన వస్తువును మాత్రమే పరీక్షిస్తే, మనం ముందే అనుమానించినది దొరుకుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంత కాలం, తప్పు ఎవరిదో రాసే ముందు ఒక మంచి డబ్బాను కూడా అదే తడిలో పెట్టి చూశాను.