అమ్మకు అలా ఎందుకనిపించింది

నా చిన్నప్పటి కొండాపూర్‌లో అద్దాల మేడలు లేవు. ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే చోట గుట్టలూ సీతాఫలం పొదలూ ఉండేవి. మా ఇల్లు ఒక గుట్టకు వీపు ఆనించి కూర్చున్నట్టు ఉండేది. దాన్ని మా నాయనే కట్టాడు. ఆయన మేస్త్రీ. ఊళ్ళో చాలా గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. అందుకని మా ఇంటి గోడల గురించి ఎవరు ఏ మాటన్నా ఆయనకు కష్టంగా ఉండేది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఒక మధ్యాహ్నం అమ్మ నాకు జడ వేస్తోంది. వేస్తూ వేస్తూ ఉన్నట్టుండి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నేను వెనక్కి తిరిగి చూస్తే, ఎన్నడూ చూడని చోటికి వచ్చినదానిలా ఇల్లంతా కలియజూస్తోంది. "లేవుండ్రి, బయటికి నడువుండ్రి" అంది. సగం జడతో నన్నూ, చదువుకుంటున్న మా అన్ననూ చెరో చేత్తో పట్టుకొని వానలోనే పక్కింటి పెద్దమ్మ అరుగు మీదికి తీసుకుపోయింది. ఏమైందని పెద్దమ్మ అడిగితే చెప్పలేకపోయింది. "ఏమో అక్కా, ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు. పానం గాబరా అయితున్నది" అంది, అంతే.

సాయంత్రం నాయన వచ్చి సంగతి విన్నాడు. ముందు నవ్వాడు, తర్వాత ముఖం ముడుచుకున్నాడు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయి వెనక గోడను అరచేత్తో చరిచి చూపించాడు. "ఇది నేను గట్టిన గోడ. ఏనుగు గుద్దినా కదలది. ఫికర్ జెయ్యకు" అన్నాడు. గోడ నిజంగానే కదల్లేదు. ఆ రోజు ఏమీ కాలేదు. మరునాడూ ఏమీ కాలేదు.

ఊరికి నవ్వుకోవడానికి ఒక ముచ్చట దొరికింది. పెద్దమ్మ పొద్దున్నే వాకిట్లో నుంచి "ఏమే, ఇల్లున్నదా, పోయిందా?" అని కేకేసేది. ఆమెది చెడ్డ మనసు కాదు, మమ్మల్ని తన పిల్లల్లాగే చూసుకున్న మనిషి. అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అంతకుముందు ఆ అలవాటు ఆమెకు లేదు.

మళ్ళీ వాన పట్టుకున్న ఒక పొద్దున అమ్మ నీళ్ళకు బయలుదేరి గడప దగ్గర ఆగిపోయింది. తలుపు మీద చెయ్యి అలాగే ఉంది. అన్న వెనక గోడకు ఆనుకొని కూర్చొని లెక్కలు చేసుకుంటున్నాడు. అమ్మ వాడి వైపు చూసి నోరు తెరిచింది. ఎదురుగా పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ మా వైపే చూస్తోంది. అమ్మ ఏమీ అనకుండా బిందె చంకన పెట్టుకొని నడిచింది. నేను చెంబు పట్టుకొని వెంట పోయాను. దారిలో ఒకసారి నిలబడి వెనక్కి చూసింది. మళ్ళీ నడిచింది.

మేము బావి దగ్గర ఉండగానే చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు, బండిలోంచి మట్టి కుమ్మరించినట్టు వినిపించింది. అమ్మ బిందె వదిలేసి పరుగెత్తింది. గుట్ట మీది నుంచి దిగిన నీళ్ళకు వెనకనున్న మట్టి నాని, ఉబ్బి, గోడను ఇంట్లోకి నెట్టేసింది. మేము పోయేసరికి పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చొని గోళ్ళతో మట్టి తోడుతోంది. అన్న బతికాడు. కుడి కాలు మాత్రం బతికినంత కాలం ఈడుస్తూనే నడిచాడు.

పట్నంలో పెద్ద దవాఖాన వరండాలో నాయన అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆయన చేతుల నిండా ఆరిపోయిన మట్టి. అమ్మను అడిగాడు, ఎగతాళి లేకుండా. "నీకెట్ల ఎరుకైంది?"

"ఏమో" అంది అమ్మ.

ఆయన వదల్లేదు. "జర యాది చేసుకో. ఇంట్ల ఏం చూసినవ్? ఏం ముట్టుకున్నవ్?"

అమ్మ కళ్ళు మూసుకుంది. ఒళ్ళో ఉన్న చెయ్యి మెల్లగా లేచి, దేన్నో పట్టుకొని పైకెత్తినట్టు గాలిలో కదిలింది. ఆ చేతిని తానే వింతగా చూసుకుంది. "తలుపు" అంది. "తలుపు గడపకు రాసుకుంటుండె. కొన్ని దినాల సంది ఎత్తి తీస్తున్న. వానకు చెక్క ఉబ్బిందనుకున్ననో, ఏమనుకున్ననో, నాకే ఎరుక లేదు."

నాయన తల పట్టుకున్నాడు. గోడ ఒరిగితే పైన దూలం జరుగుతుంది, దూలం జరిగితే దర్వాజా చట్రం ఒక పక్కకు గుంజుకుపోయి తలుపు గడపకు రాసుకుంటుంది. తలుపు సంగతి చెవిన పడితే ఆయనకు వెంటనే అర్థమయ్యేది. కానీ ఆయన పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తలుపు తెరిచే ఉండేది.

"చెప్పకపోతివి" అన్నాడు.

"మొదటిసారి చెప్పిన. ఎందుకట్ల అనిపిస్తున్నదని నువ్వు అడగకపోతివి. రెండోసారి, నవ్వుతరని నేను చెప్పకపోతి."

అమ్మ ఆ మాట కోపంగా అనలేదు. నాయన ఏడవడం నేను చూసింది ఆ రోజే. కాసేపయ్యాక అమ్మ నన్ను దగ్గరికి తీసుకొని నెమ్మదిగా చెప్పింది. "నీకెప్పుడన్న గట్ల అనిపిస్తే చెప్పు బిడ్డా. తప్పైతే నవ్వుతరు, నవ్వనీ. చెప్పి ఊకోకు, ఎందుకనిపించిందో లేచి చూడు. నేను గా పని చెయ్యలే."

తర్వాత ఆ గోడను నాయన కట్టలేదు, ఇంకో మేస్త్రీ చేత కట్టించాడు. అమ్మ అటుపైన చాలాసార్లు భయపడింది. చాలాసార్లు అది వట్టి భయమే అయింది. ప్రతిసారీ నాయన లేచి, పోయి, అంతా తడిమి చూసి వచ్చేవాడు. ఏమీ లేదని చెప్పేవాడు. నవ్వేవాడు కాదు. మనసుకు అనిపించేదాన్ని చాలామంది దైవవాక్కులా నమ్ముతారు, లేదంటే పిచ్చి అని కొట్టిపారేస్తారు. కంటికో చేతికో ముందే తెలిసిపోయినది నోటి దాకా ఇంకా రాకపోవడమే అది అని నాకనిపిస్తుంది. అది నోటికి రావాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

ఇప్పుడు నేను నల్లగండ్లలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్నామధ్య మనవరాలు బడి వ్యాన్ ఎక్కనని మొండికేసింది. మా అమ్మాయికి ఆఫీసులో మీటింగు. ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకొని, "డ్రామాలు చెయ్యకు, ఎందుకు ఎక్కవు?" అని కసిరింది. పిల్ల "ఏమో" అంది. దవాఖానలో మా అమ్మ అన్న మాటే అది. మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చొని, "నిన్న వ్యాన్‌ల ఏం చూసినవ్ బిడ్డా?" అని అడిగాను. పిల్ల బ్యాగు పట్టీ నలుపుతూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. సిగ్నల్ దగ్గర డ్రైవర్ అంకుల్ కళ్ళు మూసుకున్నాడనీ, వెనకవాళ్ళు హారన్లు కొడితే లేచాడనీ చెప్పింది.

మా అమ్మాయి బ్యాగు దించింది. కిందికి పోయి అడిగితే ఆ డ్రైవర్ అబ్బాయి దాచలేదు. రాత్రంతా ఆఫీసు క్యాబ్ నడిపి, అట్నుంచి అటే వ్యాన్ ఎక్కుతున్నాడట. తల దించుకొని నిలబడ్డాడు. ఆ రోజు పిల్లలను మా అపార్టుమెంటు వాళ్ళే కార్లలో దింపి వచ్చారు. అతనికి చాయ్ ఇచ్చి, కాసేపు పడుకొని పొమ్మన్నాను.

ఆ పూట వ్యాన్‌కు ఏమైనా అయ్యేదో, క్షేమంగానే బడి చేరేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఎవరైనా నా ముందు "ఏమో, అట్ల అనిపిస్తున్నది" అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, ఎందుకని అడుగుతాను. ఆనాడు మా ఇంట్లో ఎవరూ అడగలేదు.