బంతిపూల మధ్య మేనేజర్ గారి ఫోటో

అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు మా తెలుగు మేనేజర్ నేను రాసిన కోడ్‌ని తనదని చూపించి అవార్డు కొట్టేశాడు. ఆ కసి నాకు చల్లారలేదు.

నవంబర్ మొదట్లో మా టీంలోని మెక్సికన్ ఆవిడ బ్రేక్‌రూంలో బల్ల మీద బంతిపూలు పరిచి కొవ్వొత్తులు పెట్టింది. పోయినవాళ్ల ఆత్మలు ఏడాదికోసారి ఆ పూల వాసన పట్టుకుని వస్తాయట. ఫోటో పెట్టి, దాని ముందు వాళ్లకి ఇష్టమైనవి ఉంచుతారట. తన వాళ్ల ఫోటోలు లంచ్‌కి తెస్తానని నాతో చెప్పింది.

ఈలోగా మేనేజర్ వచ్చి అది దీపావళి డెకరేషన్ అనుకున్నాడు. అవార్డు అందుకుంటున్న తన ఫోటో తెచ్చి పూల మధ్య నిలబెట్టి, "ఎలా ఉంది?" అన్నాడు.

"మీకోసమే పెట్టినట్టుంది సార్," అన్నాను. వెంటనే వెళ్లి నా కోడ్ ప్రింట్ తీసుకున్నాను.

లంచ్‌కి అందరూ చేరారు. మేనేజర్ ఫోటో చూసి ఆవిడ అదిరిపడి, "ఇది చనిపోయినవాళ్లకి!" అంది. రాహుకాలంలో కారు కూడా తీయని ఆ మనిషి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

అతను ఫోటో అందుకునేలోపే నా కోడ్ కాగితాలు దాని ముందు పెట్టాను.

"సార్‌కి బాగా ఇష్టమైంది ఇదే," అన్నాను.