రాళ్లు కడిగిన రోజు

మొన్న మార్కెట్ యార్డు దారిలో పసుపు ఘాటుకు కొంగు అడ్డం పెట్టుకుని నడుస్తుంటే, కొత్తగా తెరిచిన బట్టల దుకాణంలోంచి నీళ్లలో గాలిబుడగల చప్పుడు వినిపించింది. లోపల అద్దాల తొట్టి, అందులో నారింజ రంగు చేపలు. చూడగానే సాలమన్ కాక గుర్తొచ్చాడు. ఆయన వెంటే పాత కోపమూ వచ్చింది.

కాకది ఆర్మూరు పక్కనున్న పెర్కిట్. గల్ఫ్‌లో ఒక పెద్ద హోటల్లో సముద్రపు చేపల తొట్లు చూసుకుని, తిరిగొచ్చాక ఆర్మూరులో అదే పని పెట్టుకున్నాడు. నేను రిసెప్షన్‌లో కూర్చునే ప్రైవేటు ఆసుపత్రిలో అలాంటి ఉప్పునీటి తొట్టి ఉండేది. వారానికోసారి వచ్చేవాడు. పేషెంట్లు పలచబడితే నన్ను పిలిచి పని చూపించేవాడు. తొట్టిలోని నాచు పట్టిన రాళ్లను చూసి ఒకసారి నేను మొహం చిట్లించాను.

"మురికి అనుకుంటున్నవా బిడ్డా? చేపల రొచ్చును తినే బ్యాక్టీరియా గా రాళ్లల్లనే ఉంటది. అది లేకుంటె ఇవి బతకయి" అన్నాడు. ఆ ఆసుపత్రిలో నాకు అంత ఓపికగా ఏదైనా చెప్పింది ఆయనొక్కడే.

కొత్త అంతస్తు ప్రారంభానికి ఆసుపత్రి నడిపే డాక్టరుగారు మూడింతలు పెద్ద తొట్టి తెప్పించారు. చేపలు ఎల్లుండికల్లా అందులో ఉండాలన్నారు. కాక నా బల్ల ముందే నిలబడి చెప్పాడు.

"కొత్త నీళ్లు సార్. నెల దినాలన్న మోటరు మీద తిరగాలె, అప్పుడే అండ్ల బ్యాక్టీరియా పుడ్తది. తొందరుంటె పాత రాళ్లనన్న అట్లనే తీసి అండ్ల పెడదాం. కడగొద్దు."

"ఆ పాకుడు రాళ్లు నా కొత్త హాల్లోనా? నీళ్లు, ఉప్పు, అంతే కదా. మా వాళ్లు చేసుకుంటారు, నువ్వు రానక్కర్లేదు" అన్నారాయన.

మర్నాడు వార్డు పనివాళ్లు బోరునీళ్లలో ఉప్పు కలిపారు. రాళ్లను యాసిడ్ పోసి తెల్లగా తోమి పెట్టి, చేపలను అందులో వదిలారు. ప్రారంభం రోజు అందరూ ఆ తొట్టి ముందు ఫోటోలు దిగారు. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నేను కాకకు ఫోన్ చేశాను. రావద్దన్న చోటికి, ఇంట్లో సిద్ధంగా ఉంచుకున్న ఉప్పునీళ్ల డ్రమ్ము ఆటోలో వేసుకుని వచ్చాడు. రెండింటినే బతికించగలిగాడు. అయిదు అప్పటికే పోయాయి.

హాలు నిండా జనం. డాక్టరుగారు వచ్చి, "ఈయన ఉప్పు తప్పు కలిపాడు. ఇట్లాంటి వాళ్లను నమ్మితే ఇంతే" అన్నారు.

"నేను కలపలే సార్. నన్ను రావద్దన్నరు" అన్నాడు కాక.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా, ఎవరు కలిపారు?"

"నాకు తెల్వది సార్" అన్నాను.

కాక నన్నొకసారి చూశాడు. బతికిన రెండు చేపలున్న డ్రమ్ము ఎత్తుకుని, "జర తలుపు పట్టుకో బిడ్డా" అన్నాడు. పట్టుకున్నాను. ఆయన బయటికి పోయాడు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు అదే హాల్లో, పేషెంట్లు వింటుండగానే చెప్పాను. "సార్, ఉప్పు కలిపింది మన పనోళ్లు. రాళ్లు కడగొద్దని సాలమన్ కాక మీకు చెప్పిండు. నేను విన్న." ఆయన తలెత్తకుండానే, "రేపటి నుంచి రాకు" అన్నారు.

నేరుగా పెర్కిట్ పోయి కాకకు చెప్పాను. ఆయన సంతోషించలేదు. డాక్టరుగారి మాట నమ్మి, ఊళ్లో తొట్లున్న మిగతా రెండు ఇళ్లవాళ్లు అప్పటికే ఆయనను రావద్దనేశారు. "నౌకరీ ఎందుకు పోగొట్టుకున్నవ్?" అని నన్నే కోప్పడ్డాడు. తర్వాత చాయ్ పెట్టించి, ఆ రెండు చేపలు మేత తింటున్నాయని చూపించాడు. ఆ ఏడాదే మళ్లీ గల్ఫ్ పోయి, అక్కడే గుండె ఆగి చనిపోయాడు.

డాక్టరుగారిని ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు నేను వేరేచోట పనిచేస్తున్నాను. పైవాళ్లు తమ తప్పును కింది మనిషి మీదికి నెడితే, అక్కడికక్కడే నోరు తెరుస్తాను. పొగరుమోతునని పేరు కూడా వచ్చింది. డాక్టరుగారి మీది కోపం ఒకటైతే, ఆ నాలుగు రోజులకు నా మీద నాకున్న కోపం మరొకటి. రెండోది తగ్గాలని నేను కోరుకోను.