ఎరుపు చెప్పనిది

ప్రయోగశాలలో ఆమెను అందరూ భూతద్దం అక్క అంటారు. పోలీసులు పట్టుకొచ్చిన మత్తు సరుకు ఏమిటో తేల్చి కాగితం మీద రాసివ్వడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. ఆ వాసన ఉతికినా బట్టలను వదలదు.

ఆ మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ లక్క సీలు వేసిన గుడ్డపొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"హషీష్ అక్కా. మూటలు మోసేవాడి దగ్గర దొరికింది. రేపు కోర్టుకి రిపోర్టు ఇవ్వాలి."

"ఎప్పుడు పట్టుకున్నారు?"

"ఎనిమిది నెలలైంది. మా స్టోరు గదిలోనే పడుంది."

"ఎనిమిది నెలలు మీరు నిద్రపోయి, ఇప్పుడు నన్ను పరిగెత్తమంటావా తమ్ముడూ?"

ఆమె సీలు విప్పింది. లోపల నల్లటి గట్టి ముద్ద. చిటికెడు గిల్లి గాజుగొట్టంలో వేసి పరీక్ష మందు పోసింది. ఎర్రగా మారింది.

"ఎరుపొచ్చిందిగా, రాసెయ్యక్కా. నీ మోకాళ్ల నొప్పుల సంగతి నాకు తెలియదా?"

ఆమె రాయలేదు. గంజాయీ హషీషూ ఒకే మొక్క బిడ్డలు. ఎండబెట్టిన పూలూ ఆకులూ గంజాయి. ఆ పూల మీద ఊరే జిగురును రాబట్టి ముద్ద కడితే హషీష్. అదే బరువుకు దాని మత్తు ఎక్కువ, శిక్షా ఎక్కువే. ఎరుపు మాత్రం రెండింటికీ వస్తుంది. అది తల్లి పేరు చెబుతుంది, బిడ్డ పేరు చెప్పదు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె ఈ సంగతి మరిచింది. ఆరోజు తేల్చాల్సినవి నలభై పొట్లాలు. ఒకదానిలో ముద్ద నల్లగా ఉంది, రంగు ఎర్రగా వచ్చింది. హషీష్ అని సంతకం పెట్టింది. అది దొరికింది ఎవరో వంటవాడి దగ్గర. అతను ఇంకా జైల్లోనే ఉన్నాడు.

ముద్దను చిదిపి, నానబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆకు నూగు, తొడిమల పీచు, పగిలిన గింజల పెంకులు. జిగురు ముద్దలో ఇంత చెత్త ఉండదు.

"ఇది గంజాయి. హషీష్ అని ఎవరన్నారు?"

"మొన్న గుడ్డ మీద నుంచి నొక్కితే గట్టిగా తగిలింది. ఎస్సైగారు అలా రాసేశారు."

"దీని మీద ఏం పెట్టారు?"

"పాత ఫైళ్లు. పైకప్పు కారుతుంటే అన్నీ ఆ మూలకే పేర్చాం."

"తడిపి, అణిచి, మీరే ముద్ద కట్టారన్నమాట."

గంజాయి అని రాసింది. లేవలేదు. ఇంకో కాగితం తీసి, ఆ వంటవాడి పాత రిపోర్టు నంబరు వేసి, ఆ నమూనాను మళ్లీ పరీక్షించాలని రాయసాగింది. కానిస్టేబుల్ తొంగిచూశాడు.

"ఇదెవరు అడిగారక్కా?"

"ఎవరూ అడగలేదు. ఆ ముద్దా మీ స్టోరు గదిలోంచే వచ్చింది."

"ఇంకో ఏడాదిలో పింఛను పుచ్చుకునేదానివి. కొరివితో తల గోక్కోవడం ఎందుకు చెప్పు? అది నిజంగా హషీషే అయితే?"

"నాకు నిద్ర పడుతుంది."

"కాకపోతే?"

"అతను ఇంటికెళ్తాడు. నువ్వు లక్క కరిగించు తమ్ముడూ, నాకు వంగే ఓపిక లేదు."