నీనో పియానో, పడని వాన

దయ్యాల కథలు చెప్పేవాళ్లకు నేను కాఫీ కూడా ఇవ్వను. చచ్చినవాళ్లు తిరిగొచ్చేటట్టైతే, ఆయన పొలం అమ్మి ఈ మేడ కట్టినందుకు మా ఆయన ఎప్పుడో వచ్చి నాతో పోట్లాడి ఉండాలి. రాలేదు. కాబట్టి రారు. ఈ మాట నేను ఇప్పటికీ మార్చుకోలేదు. అయినా మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాకు రాత ఆలస్యంగా వచ్చింది. మనవరాలు పలక పట్టినప్పుడు దాని పక్కన కూర్చొని కన్నడ అక్షరాలు నేర్చుకొని, వాటి మీదుగా తెలుగుకు వచ్చాను. వాక్యాలు ముక్కలుగా ఉంటే సర్దుకోండి.

మాది బెంగళూరు పక్క హూడి. ఇది పల్లెగా ఉన్నప్పటి నుంచి ఇక్కడే ఉన్నాం. కింద నేను, కొడుకు, కోడలు సుజాత. మనవరాలు చదువుకు వేరే ఊళ్లో ఉంది. పైన ఇల్లు బాడుగకు ఇస్తాం. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఖాళీ చేశాక నీనో వచ్చింది. ఆమెది జార్జియా అనే దేశం. సంగీతం చెప్పమని ఇక్కడి బడివాళ్లు పిలిపించుకున్నారు. తర్వాత ఆ బడివాళ్లు సంగీతమే తీసేశారు. ఆమె వెనక్కి పోలేదు. పాత పియానో ఒకటి కొని, తాళ్లు కట్టించి, మనుషుల్ని పెట్టి పైకి ఎక్కించింది. అప్పుడు పడిన గీత మా మెట్ల గోడ మీద ఇంకా ఉంది.

కొన్నాళ్లు ఒక పెద్ద హోటల్లో వాయించింది. ఒకసారి నన్నూ తీసుకుపోయింది. జనం తింటున్నారు, ఫోన్లు చూసుకుంటున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు. పాట అయిపోతే వినిపించింది స్పూన్ల చప్పుడే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను.

"ఎవురూ వినకపోతే ఎందుకమ్మా నీకీ కష్టం?"

"సుజాత నీ వంట మెచ్చుకుంటాదా అవ్వా? అయినా నువ్వు చేస్తావు కదా," అంది. తెలుగు మా ఇంట్లోనే నేర్చుకుంది కాబట్టి ఎత్తిపొడుపు కూడా వచ్చింది.

మహదేవపురలో అపార్ట్‌మెంట్ల పిల్లలకు పాఠాలు చెప్పేది. కానీ ఈ దేశంలో ఉండాలంటే సరైన ఉద్యోగం, దాని కాగితాలు కావాలి. చివరికి ఒక సంగీత బడివాళ్లు ఒప్పుకున్నారు. మా కచేరీలో జనం ముందు వాయించు, మా పెద్దావిడ వింటుంది, ఆమెకు నచ్చితే టీచరుగా తీసుకుంటాం, వీసా సంగతి మేమే చూస్తాం అన్నారు. నచ్చకపోతే నీనో మూట కట్టుకోవాల్సిందే. కచేరీ విజయదశమి సాయంత్రం.

నెలల తరబడి ఒకటే పాట సాధన చేసింది. నాకు సంగీతం తెలియదు. కానీ ఆ పాటలో ఆమె తడబడే చోటు ఒకటుందని కింద నాకూ సుజాతకూ తెలుసు. అక్కడికి రాగానే వేళ్లు చిక్కుబడేవి, ఆపేసేది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. ఆమె కూరగాయలు తరుగుతూ, "ఇదో, పడింది," అనేది.

కచేరీకి ముందురోజు ఆయుధపూజ. మాకు అన్నం పెట్టే వస్తువులన్నింటికీ ఆ రోజు పూజ చేస్తాం. కొడుకు కారు, నీళ్ల మోటారు, మిక్సీ, కుట్టుమిషను. పూజయ్యాక మర్నాటి పొద్దున దాకా ఆ పనిముట్లు వాడం. నీనో పియానోకూ చేద్దామని పైకి పోయాను. మూత మీద ఎర్రగుడ్డ కప్పి, దాని మీద చామంతి దండ పెట్టి, చెక్కకు కుంకుమ బొట్లు పెట్టాను. వంగి చూస్తే అడుగున చిన్న చక్రాలున్నాయి. కారు చక్రాలకు పెట్టినట్టే వాటి ముందూ నిమ్మకాయలు పెట్టాను.

"ఇది ఎక్కడికీ పోదు కదా అవ్వా?" అంది నీనో.

"నువ్వు పోకుండా ఉండేదానికేలే."

రేపటి దాకా ముట్టొద్దు అంటే ఆమె ముఖం చిన్నబోయింది. మర్నాడే కచేరీ మరి. అయినా సరే అంది. అక్కడి పియానో ఎట్లా ఉందో చూసొస్తానని మెట్రోలో కచేరీ హాలుకు పోయింది. సాయంత్రం దీపం పెట్టమని తాళంచెవి నాకిచ్చింది. బొడ్లో దోపుకున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక నడుం వాల్చాను. సుజాత వచ్చి, "ముట్టొద్దని చెప్తివి కదత్తా, ఆమె చూడు, వాయిస్తా ఉండాది," అంది. అప్పటికే నాకూ వినిపిస్తోంది. అదే పాట. కోపంతో లేచి కూర్చున్నాను. తడబడే చోటు వచ్చింది. పాట ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది అనుకున్నాను. ఎత్తుకోలేదు. ఒక ఊపిరి తీసేంత సేపు ఏమీ లేదు. తర్వాత ఆ చిన్న ముక్కే ఇంకొకసారి, మెల్లగా, చీకట్లో మెట్టు తడిమినట్టు వచ్చింది. అక్కణ్ణుంచి పాట ముందుకు పోయి, చివరి దాకా పోయి అయిపోయింది.

అయిపోగానే మెట్ల పైనున్న రేకుల మీద పడినట్టు వాన చప్పుడు మొదలైంది. "మిరపకాయలత్తా," అని సుజాత మేడ మీద ఆరేసినవాటికి పట్టా కప్పడానికి పైకి పరిగెత్తింది. ఆమె వెనకే నేనూ మేడెక్కాను. పైన ఎండ కాస్తోంది. నేల పొడిగా ఉంది. సుజాత పట్టా చేత పట్టుకొని నిలబడిపోయింది.

"నీకూ వినబడింది కదా?" అన్నాను.

"వినబట్టే కదత్తా వచ్చింది."

దిగి నీనో వాకిలి చూస్తే తాళం వేలాడుతోంది. తెరిచాను. లోపల ఎవరూ లేరు. ఎర్రగుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. దండ జరగలేదు. నిమ్మకాయలు చక్రాల ముందే ఉన్నాయి. పక్కిల్లేమో అనుకుందామంటే మాకు ఒక పక్క ఖాళీ సైటు, రెండో పక్క పండగకు మూసిన గోడౌను. సాయంత్రం నీనో రాగానే, ఇంట్లో ఏమైనా పాట పెట్టి పోయావా అని అడిగాను. ఉన్నది ఒక్క ఫోను, అది నా దగ్గరే ఉంది అంది. అంత పని మీద పోయే మనిషిని బెదరగొట్టడం ఎందుకని జరిగింది చెప్పలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే నీనోతో హాలుకు పోయాను. సంగీత బడి పెద్దావిడ ముందు వరసలో కూర్చుంది. నీనో నల్లగౌనుతో వచ్చి వాయించడం మొదలుపెట్టింది. ఆ చోటు వచ్చింది. ఆగిపోయింది. పెద్దావిడ తలెత్తింది. నా పక్కనున్నాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

నాకు మాత్రం భయం వేయలేదు. తర్వాత ఏం రావాలో నాకు తెలుసు. అదే వచ్చింది. ఆ చిన్న ముక్క ఇంకొకసారి, మెల్లగా. అక్కణ్ణుంచి ముందుకు.

పాట అయిపోగానే రేకుల మీద వాన పడింది. నేను తలెత్తి కప్పు వైపు చూశాను. అది వాన కాదు. జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆ బడివాళ్లు నీనోను తీసుకున్నారు. ఇంటికొచ్చాక ఆమెకు అంతా చెప్పాను. అట్లా వాయించాలని తను ఎప్పుడూ అనుకోలేదంది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి, తర్వాత అవే అట్లా పోయాయి, అంది. కాఫీ తాగి లోటా కింద పెట్టింది.

"నిన్ననే చెప్పుంటే భయం లేకుండా రెండు పూటలా అన్నం తినేదాన్ని కదా అవ్వా."

ఇప్పుడు ఆమె ఆ బడిలోనే నేర్పుతుంది. ఉండేది మా పైనింట్లోనే. ప్రతి ఆయుధపూజకూ చక్రాల ముందు నిమ్మకాయలు పెడతాను, తాళంచెవి బొడ్లో దోపుకొని మధ్యాహ్నమంతా కింద కూర్చుంటాను. సుజాత కావాలనే మేడ మీద మిరపకాయలు ఆరేస్తుంది. మళ్లీ ఎప్పుడూ ఏమీ వినపడలేదు.

చచ్చినవాళ్లు తిరిగి రారనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు మేం విన్నది ఇంకా జరగని కచేరీ. అది మా చెవికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.